లెక్క సరిపోయిందా సిస్టర్?

థియేటర్ సిస్టర్‌ని అడగండి: ఈ నెల ఉత్తరాలు

పోయిన నెల ఒక ఉత్తరానికి జవాబిస్తూ, పొట్ట మూసేముందు లోపల వాడిన గుడ్డలన్నీ బయటికొచ్చాయో లేదో లెక్కపెట్టేది మేమే, నర్సులమే అని ఒక్క వాక్యం రాశాను. దాన్ని పట్టుకుని ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. ఒక కవరు మీదైతే 'ఆపరేషన్ల సిస్టరమ్మకు' అని మాత్రమే ఉంది, కింద పత్రిక పేరు కూడా తప్పే. అయినా చేరింది, పోస్టాయనకు దణ్ణం పెట్టాలి. అన్నీ ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి బీపీ, షుగరు ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేశాను. నేను డాక్టర్ని కాను. 1984 నుంచి 33 ఏళ్లు నెల్లూరు జిల్లాలో ఆపరేషన్ బల్ల పక్కన నిలబడ్డ నర్సుని. నాకు తెలిసిందంతా ఆ బల్ల దగ్గర తెలిసిందే.

"మా అత్తమ్మకు 56 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట గర్భసంచి తీశారు. అప్పట్నించి బొడ్డు కింద ఎడమ పక్క నొప్పి. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడతా ఉంది. రెండు చోట్ల చూపిస్తే గ్యాసన్నారు. మొన్న స్కానింగ్ తీసేచోట ఒకాయన పక్కాయనతో 'గాజు ఉన్నట్టుందే' అన్నాడంట. అది విన్నప్పట్నించి అత్తమ్మ గాజుముక్క పేగుల్ని కోస్తా ఉందని అన్నం మానేసింది. ఎవరి గాజు మేడం? లోపల చెయ్యి పెట్టేటప్పుడు గాజులు తియ్యరా?"
– ఒక కోడలు, కావలి

అమ్మణ్ణీ, ముందు మీ అత్తమ్మకు అన్నం పెట్టు. అది చేతి గాజూ కాదు, సీసా గాజూ కాదు. రక్తం అద్దడానికి వాడే పల్చటి నూలుగుడ్డని గాజ్ అంటారు. మా ఆసుపత్రోళ్ల నోట్లో నాని నాని అది గాజయింది. నేను కొత్తగా చేరిన వారంలో పెద్ద సిస్టరు 'గాజు తేవే' అంటే గ్లూకోజు సీసా తీసుకెళ్లి ఇచ్చి తిట్లు తిన్నాను.

పొట్ట లోపల వాడేది ఆ గాజుకి పెద్దక్క, దాన్ని మాప్ అంటాం. పెద్ద చేతిరుమాలంత ఉంటుంది, పొరలు పొరలుగా కుట్టి ఒక మూలన నాడా పెడతారు. పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రక్తంలో తడిసిందా, ఎర్రటి ముద్దయి పేగుల్లో పేగులా కలిసిపోతుంది. వేలితో తాకినా గుడ్డో కండో ఒక్క క్షణం తెలీదు. అందుకే లోపల మరిచిపోయే వాటిలో ఎక్కువ పాలు గుడ్డలే. పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చే కత్తెరలు, పట్టుకారుల్లాంటి ఫోర్సెప్సులు వాటి తర్వాతే.

గుడ్డ మిగిలిపోతే కొందరికి వారాల్లోనే చీము పట్టి జ్వరం, గాయం మానకపోవడం, రసి కారడం మొదలవుతాయి. కొందరి ఒంట్లో అది కిక్కురుమనకుండా చుట్టూ గట్టి పొర కట్టుకుని ఏళ్ల తరబడి గడ్డలా కూర్చుంటుంది. ఆ గడ్డని కేన్సరేమోననుకుని పొట్ట కోసి, లోపల గుడ్డ చూసి నిర్ఘాంతపోయిన సర్జన్లున్నారు. డాక్టర్లు దీనికి గాసిపిబోమా అని నోరు తిరగని పేరు పెట్టారు. గాసిపియం అంటే పత్తి. మార్కాపురం పక్క చేలల్లో పండేదానికి ఎంత పేరో చూడండి.

ఇంత చెప్పి భయపెట్టాను గానీ ఇది అరుదు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు తమ సొంత ఆపరేషన్ల చిట్టా తిరగేసి 2008లో ప్రచురించారు: దాదాపు 5,500 ఆపరేషన్లకు ఒకటి. కాబట్టి మీ అత్తమ్మ నొప్పికి పేగులు అతుక్కోవడమో, కుట్ల దగ్గర హెర్నియానో, మూత్రంలో ఇన్ఫెక్షనో కారణం అయ్యే అవకాశమే ఎక్కువ. అట్టాగని ఎనిమిది నెలల నొప్పినీ సాయంత్రం జ్వరాన్నీ గ్యాసు బిళ్లతో సరిపెట్టుకోవద్దు. స్కానింగ్‌లో అనుమానం వచ్చిందంటే సీటీ స్కాన్ తియ్యాల్సిందే. గుడ్డ మడతల్లో చిక్కుకున్న గాలి అందులో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. 'ఎక్స్‌రే తీశాం, ఏమీ లేదు' అంటే మాత్రం సంబరపడొద్దు. మంచి మాపుల్లో బేరియం పట్టించిన నీలం దారమో పట్టీయో ఉంటుంది, ఎక్స్‌రేకి దొరికేది అదే. అది లేని చవక గుడ్డ ఎక్స్‌రేలో ఆనదు.

డిశ్చార్జి కాయితాలు తీసుకుని ముందు ఆపరేషన్ చేసినావిడ దగ్గరికే వెళ్లండి. తగువుకి కాదు. లోపల ఏం చేశారో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. 'గుడ్డ ఉందేమోనంటున్నారు, సీటీకి రాసివ్వండి' అని అడగండి. కసురుకుంటే నెల్లూరు బస్సెక్కండి, పొగతోటలో సర్జన్లకేం కొదవ. ఈలోగా నొప్పి పోతుందని పొట్ట మీద ఆముదం పెట్టి తోమించే పని పెట్టుకోవద్దు.

"అక్కా, నేను జీఎన్ఎం నర్సింగు కోర్సు చేసి ఏడాదిన్నర. ఒక నర్సింగ్ హోంలో థియేటర్ డ్యూటీ. నేనూ ఒక ఆయమ్మా, అంతే. పుస్తకంలో ఇద్దరు నర్సులు కలిసి లెక్కపెట్టాలని చదివాం. ఇక్కడ ఇద్దరెక్కడ? సార్ కుట్లు వేస్తా 'లెక్క సరిపోయిందా?' అంటే 'సరిపోయింది సార్' అనడమే అలవాటు. ఒకసారి ఒకటి తక్కువుందన్నాను. 'బకెట్‌లో చూడు, ఊరికే టైం వేస్ట్ చెయ్యకు' అన్నారు. ఆయమ్మ వెతికి తెచ్చింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే నేనేం చేసేదాన్ని?"
– ఒక చెల్లెలు, పొదిలి

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను చెల్లీ. ఒకటి తక్కువుందని చెప్పావు చూడు, ఆ రోజు నువ్వు నీ జీతం సంపాదించుకున్నావు. నేనైతే ఒకసారి 'సరిపోయింది సార్' అన్నాను. అది చెప్తాను విను. ఇన్నేళ్లుగా మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

1992 నవంబరు. వానలు. నేను అప్పుడు పని చేసే ఆసుపత్రి పేరొద్దు. రాత్రి పదకొండింటికి ఒక పిల్లని తీసుకొచ్చారు, 22 ఏళ్లుంటాయి. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచి అది పగిలింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. పొట్ట తెరవగానే రక్తం పొంగింది. అప్పట్లో మాపులు ఇట్టా ప్యాకెట్లలో వచ్చేవి కావు. గుడ్డ తాను తెచ్చి కత్తిరించి, కుట్టించి, రాత్రి డ్యూటీలో కూర్చుని ఐదేసి చొప్పున కట్టలు కట్టి, డ్రమ్ముల్లో సర్ది, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవుకి పంపేవాళ్లం. నేను కట్ట వెనక కట్ట అందుకుంటా 'ఐదు, పది, పదిహేను, ఇరవై' అంటున్నాను. ఫ్లోర్ నర్సు గోడకున్న బోర్డు మీద రాస్తా ఉంది. మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు అందుకునేదాకా టార్చి పట్టుకున్నారు. రక్తం ఆగింది. మూసేముందు వాడిన మాపులన్నీ స్టాండుకి ఐదేసి చొప్పున వేలాడదీశాం. నాలుగైదులు ఇరవై. బోర్డు మీదా ఇరవై. సార్ అడిగారు, నేను చెప్పాను.

నలభై రోజులకు ఆ పిల్ల మళ్లీ వచ్చింది. జ్వరం, పొట్టలో చేతికి తగిలే గడ్డ. మళ్లీ కోశారు, మళ్లీ నేనే స్క్రబ్ నర్సుని, అంటే సార్ చేతికి పనిముట్లు అందించేదాన్ని. చీము పీల్చేశాక సార్ వేలు పెట్టి లాగారు. ముందు నాడా బయటికొచ్చింది. థియేటర్లో ఎవరూ మాట్లాడలేదు.

ఎట్టా జరిగిందంటే, ఐదు కట్టలో ఆరున్నాయి. లోపలికి వెళ్లినవి ఇరవై ఒకటి, బయటికొచ్చినవి ఇరవై. నేను లెక్కపెట్టింది కట్టల్ని, గుడ్డల్ని కాదు. ఆ కట్ట ఎవరు కట్టారో తేల్చలేం. ఆ వారం నైట్ డ్యూటీ మాత్రం నాదే.

ఆ పిల్లకూ వాళ్లమ్మకూ 'చీముగడ్డ తీశాం' అని చెప్పారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. రెండు మూడేళ్ల తర్వాత రొట్టెల పండక్కి దర్గాకి వెళితే స్వర్ణాల చెరువు మెట్ల మీద కనపడింది, చంకలో బిడ్డ. సంతాన రొట్టె తిరిగి ఇవ్వడానికి వచ్చిందంట. 'సిస్టరమ్మా' అని ఆవిడే పిలిచి, బిడ్డని నా చేతుల్లో పెట్టింది. అప్పుడూ చెప్పలేదు.

ఇది నా ఒక్కదాని కథ కాదని చాలా ఏళ్లకు తెలిసింది. బోస్టన్‌లో అతుల్ గవాండే అనే సర్జన్, తల్లిదండ్రులు మన దేశంవాళ్లే, లోపల వస్తువులు మిగిలిన 54 మంది కేసులు తిరగేసి 2003లో ప్రచురించాడు. లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతం వాటిలో ఆఖరి లెక్క 'సరిపోయింది' అనే రాసి ఉంది. తక్కువొచ్చిన లెక్క మనల్ని వెతికిస్తుంది, తప్పుగా సరిపోయిన లెక్క ఇంటికి పంపించేస్తుంది. ఇంకో సంగతీ ఆయన చూపించాడు. అత్యవసర ఆపరేషన్లో ఈ ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు, ఒకటనుకుని మొదలుపెట్టి మధ్యలో ఇంకొకటిగా మారితే నాలుగు రెట్లు. బాగా లావుగా ఉన్న మనిషైతే ఇంకా కష్టం. అంటే లెక్కపెట్టడానికి టైం లేదని మనం వదిలేసే కేసుల్లోనే లెక్క ఎక్కువ అవసరం.

నువ్వు ఒక్కదానివేనన్నావు గదా. ఒంటరిగానైనా చెయ్యగలిగినవి చెప్తాను. పేషెంటు లోపలికి రాకముందే కట్ట విప్పు. ఒక్కొక్క మాపూ విడదీసి, నాడా పట్టి లాగి చూసి, పైకి వినపడేలా లెక్కపెట్టు. ఆయమ్మని ఎదురుగా నిలబెట్టి ఆవిణ్ణి కూడా లెక్కపెట్టమను. ఆమెకు చదువు రాకపోవచ్చు, ఐదు వేళ్లు వచ్చు. పుస్తకం చెప్పే రెండో నర్సు ఆవిడ కాదు, ఆ సంగతి మేనేజ్‌మెంటుకి కాయితం మీద రాసి పెట్టు. కానీ ఈ పూట రెండో జత కళ్లు ఆవిడవే. మత్తు డాక్టరు ఖాళీగా ఉంటే ఆయన్నీ అడుగు, సిగ్గేం లేదు. ప్యాకెట్లో నాలుగో ఆరో వస్తే సర్దుబాటు చేసుకోవద్దు, మొత్తం ప్యాకెట్టుని అప్పుడే గది బయట పెట్టెయ్.

మాపుని కత్తెరతో రెండు చెయ్యనివ్వకు, సార్ అడిగినా సరే. సగం ముక్క లెక్కలోకి రాదు, నీలం దారం కూడా ఇంకో సగంలో ఉండిపోతుంది. పొట్ట తెరిచి ఉండగా చిన్న గాజుగుడ్డ ముక్కలు విడిగా లోపలికి పోనివ్వకు, ఫోర్సెప్స్ కొనకు పట్టించి ఇవ్వు. నాడా బయటికుంచి దానికి ఆర్టరీ ఫోర్సెప్స్ తగిలించే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. వాడిన మాపులు బకెట్లో ముద్దగా పడేసి తర్వాత చూద్దామనుకోకు, విడదీసి ఐదేసి వేలాడదియ్. ఆఖరి లెక్క అయ్యేదాకా బకెట్టు, మురికి బట్టల మూట, చెత్త సంచి ఏవీ గది దాటకూడదు. మా ఆయమ్మ ఒకావిడకు శుభ్రం పిచ్చి. సిజేరియన్ సగంలో ఉండగానే బకెట్టు తీసుకెళ్లి కడిగేసేది. ఆవిణ్ణి తిట్టలేం, తలుపుకి గొళ్లెం పెట్టుకున్నాం.

లెక్క ఎప్పుడెప్పుడంటే, మొదలుపెట్టే ముందు, సిజేరియన్ అయితే గర్భసంచి కుట్టేముందు, పొట్ట లోపలి పొర మూసేముందు, చివర్న చర్మం దగ్గర. మధ్యలో డ్యూటీ మారి నీ చోట్లో ఇంకొకరొస్తే అప్పుడూ. గుడ్డలతో పాటు సూదులు కూడా. సూది కొన విరిగిందేమో, ఫోర్సెప్స్ స్క్రూ ఊడిందేమో తిరిగి తీసుకునేటప్పుడే చూడు. సన్నటి సూది ముక్క ఎక్స్‌రేలో కూడా దొరక్కపోవచ్చు. ఎంతిచ్చావో తలలో పెట్టుకోకు, పలకైనా సరే గోడకి తగిలించి రాయి. ఇప్పుడు ఒక్కో గుడ్డకీ బార్‌కోడ్, రేడియో చిప్ పెట్టినవి వచ్చాయి, పెద్ద దేశాల్లో వాడతున్నారు. పొదిలికి అవి వచ్చేదాకా పలకే గతి.

ఇక తక్కువొస్తే. 'సార్, లెక్క ఒకసారి...' అని నసగొద్దు. 'సార్, ఒక మాప్ తక్కువ. మూయొద్దు' అను. ఈ ఐదు మాటలూ ఇంట్లో అద్దం ముందు అని చూసుకో, నవ్వకు, నిజంగా చెప్తున్నా. మాట బయటికి రావడమే కష్టం, వచ్చాక సర్జన్ ఆగుతాడు. ఆయన లోపల చేత్తో వెతుకుతాడు, మీరు బయట వెతకండి. బకెట్టు, బట్టల మడతలు, బల్ల కింద, సార్ చెప్పుల కింద. సిజేరియన్లో మాయ పడేసిన బేసిన్ మరిచిపోవద్దు, నాకు రెండుసార్లు అందులోనే దొరికింది. అయినా లేకపోతే పేషెంటు మత్తు దిగకముందే బల్ల మీదే ఎక్స్‌రే. అందుకే నీలం దారం ఉన్న మాపులే తెప్పించమని అడగడం, దారంలేని రకం చవగ్గా వస్తుందని కొంటే గట్టిగా కాదనడం. ఎక్స్‌రే మిషను మీ దగ్గర లేకపోతే ఉన్నచోటికి తీసుకెళ్లి తీయించాలి, ఇంటికి పంపకూడదు. దొరికినా దొరక్కపోయినా జరిగింది జరిగినట్టు కేస్ షీట్లో టైంతో సహా రాయి.

సార్ తిడతారా? తిడతారు. నన్నూ తిట్టారు. 1992 తర్వాత నేను 'మూయొద్దు' అన్న ప్రతిసారీ ఏదో ఒకటి అన్నారు. ఒకాయన ఫోర్సెప్స్ విసిరేశాడు కూడా. అది కూడా వెతికి లెక్కలో వేసుకున్నాను.

"నాకు ల్యాప్రోస్కోపీలో పిత్తాశయం తీశారు. దగ్గు వస్తుంటే ఛాతీ ఎక్స్‌రే తీయించాను. కింద కుడిపక్క తెల్లగా మూడు మేకుల్లాంటివి ఉన్నాయి. మా క్వారీలో అందరూ మర్చిపోయి వదిలేశారంటున్నారు. కేసు వేయమంటున్నారు."
– గ్రానైట్ క్వారీ సూపర్‌వైజర్, చీమకుర్తి

బాబూ, కేసు ఆపండి. అవి మర్చిపోయినవి కావు, కావాలని పెట్టినవి. పిత్తాశయం తీసేటప్పుడు దాని గొట్టాన్నీ రక్తనాళాన్నీ బిగించడానికి చిన్న టైటానియం క్లిప్పులు వేస్తారు. అవి జీవితాంతం అక్కడే ఉంటాయి, ఏమీ చెయ్యవు. టైటానియం కాబట్టి ఎమ్మారై తీయించుకోవాల్సొచ్చినా అడ్డం రావు, అయినా తీసేవాళ్లకు ముందే చెప్పండి. మీ డిశ్చార్జి కాయితంలో క్లిప్స్ అనే మాట ఉందేమో చూసుకోండి. దగ్గుకి మాత్రం ఛాతీ డాక్టర్ని కలవండి. రాతి దుమ్ములో పని చేసే మనిషికి నేను ముందు భయపడేది ఆ దగ్గుకే.

"వచ్చే నెల నా భార్యకు ఆపరేషన్. ఇవన్నీ చదివాక భయం పట్టుకుంది. ముందుగా డాక్టరుగారిని ఏమని అడగాలి? అడిగితే కోపం తెచ్చుకోరా?"
– ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

మాస్టారూ, 'లోపల ఏమైనా మర్చిపోతారా?' అని అడిగితే ఎవరికైనా కోపమే వస్తుంది. 'సేఫ్టీ చెక్‌లిస్ట్ వాడతారా అండీ?' అని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఒక పేజీ కాయితం అది, 19 అంశాలు. మత్తు ఇచ్చేముందు కొన్ని, కోతకు ముందు కొన్ని, పేషెంటు థియేటర్ దాటేముందు కొన్ని పైకి చదవాలి. చివరి భాగంలోనే నర్సు నోరు తెరిచి 'పనిముట్లు, గుడ్డలు, సూదుల లెక్క సరిపోయింది' అని చెప్పాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. అయితే ఒక్క మాట, కాయితానికి టిక్కులు సాయంత్రం కూర్చుని ఒకేసారి కొట్టే చోట్లు నేను చూశాను. మీరు బడి హాజరుపట్టీ రాసేవాళ్లు, మీకు వేరే చెప్పాలా.

మీ వైపు నుంచి చెయ్యాల్సిందీ ఉంది. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ నకలు తీసుకుని జాగ్రత్త పెట్టండి. పది రోజులు దాటాక కొత్తగా జ్వరం, వాసనతో రసి, తగ్గని నొప్పి ఉంటే ఓర్చుకోకుండా తీసుకెళ్లండి.

"మా అక్కకు మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసిన చోట గుడ్డ వదిలేశారు. పోయిన నెల చెన్నైలో తీశారు. ఇప్పుడు కేసు చెల్లుతుందా? ప్రభుత్వాసుపత్రి అయితే అసలు అడగలేమంటున్నారు, నిజమేనా? పోలీసు కేసు పెట్టొచ్చా?"
– ఒక తమ్ముడు, కనిగిరి

నాకు లా రాదు, రెండు తీర్పులు మాత్రం నర్సుగా నన్ను వెంటాడాయి కాబట్టి తెలుసు. మొదటిది మహారాష్ట్రలో ఒక ప్రభుత్వాసుపత్రిది. 1963లో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి లోపల టవల్ వదిలేశారు, ఆ తల్లి అదే నెలలో చనిపోయింది. కేసు 1996 దాకా నడిచి సుప్రీంకోర్టులో గెలిచింది. పొట్టలో టవల్ ఉండటమే నిర్లక్ష్యానికి సాక్ష్యం, సిబ్బంది తప్పుకి ప్రభుత్వమే బాధ్యత వహించాలి అన్నారు. కింది కోర్టు వేసిన పరిహారం 36 వేలు. ముప్పై మూడేళ్లు. అంటే ప్రభుత్వాసుపత్రినీ అడగొచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసేచోటైతే వినియోగదారుల కమిషన్ కాకుండా సివిల్ కోర్టుకి పోవాలి, 1995లో సుప్రీంకోర్టు చెప్పింది అదే.

రెండోది మీ అక్కకు ముఖ్యం. ముంబైలో ఒకావిడకు 1993లో పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ చేశారు. తొమ్మిదేళ్లు నొప్పికి బిళ్లలు మింగుతా గడిపింది. 2002లో మళ్లీ కోస్తే గుడ్డ బయటపడింది. 2004లో ఫిర్యాదు చేసింది. 2010లో సుప్రీంకోర్టు గడువు దాటిందని కొట్టేసింది, అంతకాలం నొప్పి ఉన్నా ఆ డాక్టర్ని ఎందుకు అడగలేదని. ఆవిడ కూడా నర్సే. ఆ తీర్పు చదివిన రోజు నాకు కోపమూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. నొప్పి ఓర్చుకోవడం మా వృత్తిలో అలవాటైపోతుంది.

వినియోగదారుల చట్టంలో గడువు రెండేళ్లు. గుడ్డ సంగతి బయటపడింది పోయిన నెల కాబట్టి మీరు ఆశ పెట్టుకోవచ్చు. ఈ మూడేళ్లలో అక్క నొప్పి అని ఎప్పుడెప్పుడు ఎవరికి చూపించుకుందో ఆ చీటీలన్నీ ఏరి పెట్టండి, రెండో తీర్పుకి అదే జవాబు. చెన్నైలో తీసినప్పటి ఆపరేషన్ నోట్సు, ల్యాబ్ రిపోర్టు, ఫొటో ఉంటే ఫొటో తీసుకోండి. మొదటి ఆసుపత్రికి రికార్డుల కోసం ఈ వారమే రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. దాచి ఉంచాల్సింది మూడేళ్లే, మీకు ఆ మూడేళ్లు నిండుతున్నాయి. పోలీసు కేసు సంగతైతే, 2005లో సుప్రీంకోర్టు గీత గీసింది. ఇంకో డాక్టరు అభిప్రాయం లేకుండా క్రిమినల్ కేసు నడపకూడదు, అందులో బరువైన నిర్లక్ష్యం కనపడాలి. ఒంగోలు కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. అక్కని తీసుకుని అక్కడికి వెళ్లండి, నాకన్నా వాళ్లు బాగా చెప్తారు.

"మనవరాలికి కాన్పయి పదమూడు రోజులు. మామూలు కాన్పే, కుట్లు పడ్డాయి. ఒకటే చెడు వాసన. రాత్రుళ్లు చలిజ్వరం. బాలింత వాసన అట్టాగే ఉంటాదని మా ఊళ్లో అంటున్నారు. మీరేమంటారమ్మా?"
– ఒక అవ్వ, ఉదయగిరి దగ్గర పల్లె

అవ్వా, ఈ జవాబు అచ్చులో నీకు చేరేసరికి ఆలస్యమవుతుందని, నీ మనవడు కింద రాసిన ఫోన్ నంబరుకి ఉత్తరం అందిన రోజే చేశాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. కాన్పులో కుట్లు వేసేటప్పుడు రక్తం అడ్డం రాకుండా యోనిలో గాజుగుడ్డ పెడతారు. పొట్ట కోసిన ఆపరేషన్ కాదు కదా అని చాలాచోట్ల దానికి లెక్కే ఉండదు, తియ్యడం మరిచిపోతారు. బాలింతకు పచ్చివాసన ఉంటుంది, కుళ్లు వాసన ఉండదు. కుళ్లు వాసన, చలిజ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోపల చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో మీరు వేలు పెట్టి లాగే పని చెయ్యొద్దు.

ఆ రోజే ఆత్మకూరు తీసుకెళ్లారంట. గుడ్డ తీసి మందులిచ్చారు, మూడో రోజుకి జ్వరం దిగింది. ఎంతుంది గుడ్డ అని అడిగాను. అరచేతిలో సగం అన్నాడు మనవడు.